పెట్రోల్, డీజిల్ నాణ్యతపై ప్రభుత్వ నిఘా నడపడం ఎలా: బంకు నాజిల్ నుంచి వార్షిక నివేదిక దాకా

గంధకం 8 పీపీఎం (పది లక్షల పాళ్లలో 8 పాళ్లు) ఉన్న పెట్రోల్‌కీ, 80 పీపీఎం ఉన్న పెట్రోల్‌కీ కంటికి తేడా తెలియదు. వాసనకూ తెలియదు. బండి కూడా ఆ రోజే మొరాయించదు. నడుస్తూనే ఉంటుంది, లోపల పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితనం మాత్రం తగ్గుతూ పోతుంది. కొన్నవాడు తనంతట తాను పట్టుకోలేని లోపం ఇది. కాబట్టి కొలిచే బాధ్యత ప్రభుత్వానిదే. ఆ యంత్రాంగాన్ని ఎలా కట్టుకోవాలో, ఎక్కడెక్కడ దెబ్బతింటుందో చెప్పడమే ఇక్కడి పని. ఒక్క మాట ముందే చెప్పాలి. ల్యాబ్ యంత్రాలకు ఎంత ఖర్చు పెట్టినా, నమూనా తీసే మనిషికి శిక్షణ లేకపోతే ఆ ఖర్చు వృథా. తప్పుగా తీసిన నమూనాను ఏ యంత్రమూ సరిచేయలేదు.

ఏం కొలవాలి, ఎందుకు

ఇంధనం విషయంలో ప్రమాణాలు రెండు రకాలు. ఇంజిన్ సాఫీగా నడవడానికి కావలసినవి కొన్ని, గాలి చెడకుండా ఉండడానికి కావలసినవి కొన్ని. ప్రభుత్వ నిఘా ప్రధానంగా రెండో రకం మీద. బాగా స్థిరపడిన నమూనా యూరోపియన్ యూనియన్‌ది. 1998లో వచ్చిన 98/70 డైరెక్టివ్ (సభ్య దేశాలన్నీ అమలు చేయాల్సిన ఆదేశం), దానికి 2003లో, 2009లో జరిగిన సవరణలు పరిమితులు పెట్టాయి. వాటిని పాటిస్తున్నారో లేదో చూసే పద్ధతి ఈఎన్ 14274 ప్రమాణంలో, బంకులో నమూనా తీసే పద్ధతి ఈఎన్ 14275లో ఉంటాయి.

అక్కడి పెట్రోల్‌కు ముఖ్యమైన హద్దులు ఇవి: గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు, అంటే 10 పీపీఎం, బెంజీన్ పరిమాణంలో 1 శాతం, మొత్తం ఆరోమాటిక్స్ (బెంజీన్ లాంటి వలయాకార హైడ్రోకార్బన్లు) 35 శాతం, ఓలిఫిన్లు (ద్విబంధం ఉన్న హైడ్రోకార్బన్లు) 18 శాతం, సీసం లీటరుకు 0.005 గ్రాములు; వేసవిలో ఆవిరి పీడనం (పెట్రోల్ ఎంత సులువుగా ఆవిరవుతుందో చెప్పే కొలత) 60 కిలోపాస్కల్స్, బాగా చలి దేశాలకు 70. ఆక్టేన్, అంటే ఇంజిన్‌లో ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, కనీసం 95 ఉండాలి. డీజిల్‌కు గంధకం అదే 10, పాలీసైక్లిక్ ఆరోమాటిక్స్ బరువులో 8 శాతం, సీటేన్ (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె) కనీసం 51, 15 డిగ్రీల దగ్గర సాంద్రత ఘనమీటరుకు 845 కిలోలకు మించకూడదు, 95 శాతం డీజిల్ 360 డిగ్రీల లోపే ఆవిరవ్వాలి. బయోడీజిల్ హద్దు మొదట 7 శాతం, 2023 సవరణతో 10 శాతమైంది.

అన్నిటినీ ఒకే కన్నుతో చూడనక్కర్లేదు. గంధకం అన్నిటికంటే ముఖ్యం. అది నేరుగా చేసే హాని ఒకటైతే, పొగను శుభ్రం చేసే పరికరాలను పాడు చేసి మిగతా కాలుష్యాన్నంతా బయటికి వదిలేయడం ఇంకొకటి. ఒక్కసారి గంధకం అదుపు తప్పితే కొత్త బండ్ల మీద పెట్టిన ఖర్చంతా నీళ్లపాలు. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం, అందుకే దానికి విడిగా హద్దు. ఆవిరి పీడనం ఎక్కువైతే ఎండాకాలంలో పెట్రోల్ ట్యాంకుల్లోంచే ఎగిరిపోయి నేల దగ్గర ఓజోన్ తయారవడానికి కారణమవుతుంది. సీసం కథ ముగిసినట్టే. బంకుల్లో సీసం కలిసిన పెట్రోల్ అమ్మిన చివరి దేశమైన అల్జీరియా 2021లో మానేసింది. అయినా పరీక్ష మానకూడదు. ఆక్టేన్ పెంచడానికి సీసం బదులు మాంగనీస్ సమ్మేళనం కలిపే అలవాటు ఉన్నచోట మాంగనీస్‌నూ కొలవాలి. యూరప్‌లో 2014 నుంచి దాని హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు.

అమెరికా తీరు వేరు. 2017 నుంచి అక్కడ పెట్రోల్‌లో గంధకం సంవత్సర సగటున 10 పీపీఎం ఉండాలి, రిఫైనరీ గేటు దగ్గర ఏ ఒక్క విడతా 80 దాటకూడదు, ఆ తర్వాతి దశల్లో 95 దాటకూడదు. సగటు మీద నడిచే చట్టాన్ని బంకు నమూనాలతో మాత్రమే పట్టుకోలేం. రిఫైనరీలో ప్రతి విడతకూ పరీక్ష, ఆ లెక్కల మీద బయటి ఆడిట్ ఉండాల్సిందే. మీ చట్టం ఏ రకమో ముందు చూసుకుని ఆ తర్వాతే పథకం వేసుకోండి.

ఏ బంకుల్లో, ఎన్ని నమూనాలు

బోర్డు మీద ఏ కంపెనీ పేరున్నా, ఒకే డిపో నుంచి ట్యాంకర్లు వెళ్తున్నాయంటే లోపలి సరుకు చాలావరకు ఒకటే. కాబట్టి దేశాన్ని జిల్లాల వారీగా కాకుండా సరఫరా వారీగా విడగొట్టాలి: ఏ రిఫైనరీ, ఏ ఓడరేవు టెర్మినల్, ఏ డిపో ఏ ప్రాంతానికి పోస్తోంది అన్న పటం ముందు తయారవ్వాలి. ప్రతి ప్రాంతానికీ అక్కడి అమ్మకాలకు తగ్గట్టు నమూనాలు పంచి, బంకులను చీటీ పద్ధతిలో ఎంచుకోవాలి. వేసవికీ, చలికాలానికీ వేరువేరుగా లెక్క ఉండాలి. ప్రతి గ్రేడుకూ విడిగా ఉండాలి. అన్నీ నెలాఖరున హడావిడిగా తీసేయకుండా కాలమంతా పరచాలి.

ఎన్ని కావాలన్నది లెక్కతో తేలుతుంది. వంద బంకుల్లో 5 చెడ్డవి ఉన్నాయనుకుంటే, వాటిలో కనీసం ఒక్కటైనా దొరుకుతుందని 95 శాతం నమ్మకం కలగడానికి 59 నమూనాలు కావాలి. చెడ్డవి 2 శాతమే అయితే 149. ఇరవై నమూనాలు తీసి 'అన్నీ బాగున్నాయి' అని ప్రకటించే ప్రభుత్వం జనానికి ఏమీ చెప్పనట్టే.

ఫిర్యాదు వచ్చినచోట, అనుమానం ఉన్నచోట తీసే నమూనాలు తప్పనిసరి. కానీ వాటిని చీటీలో వచ్చిన నమూనాలతో కలిపి శాతాలు కట్టకూడదు. అనుమానితులను వెతికి పట్టుకున్నప్పుడు వైఫల్యాలు ఎక్కువే వస్తాయి. దాన్ని దేశం మొత్తానికి అంటగడితే అంకె అబద్ధమవుతుంది. రెండు పుస్తకాలు వేరుగా నడవాలి.

ఇంకో చిక్కు ఉంది. అమ్మకాలు తక్కువగా ఉండే బంకులు చీటీలో అరుదుగా వస్తాయి. సమస్యలు మాత్రం అక్కడే ఎక్కువ. సరుకు నెలల తరబడి ట్యాంకులో ఉండిపోతుంది, అడుగున నీళ్లు చేరతాయి. వాటికి కొన్ని నమూనాలు విడిగా కేటాయించడం మంచిది.

బంకు దగ్గర నమూనా తీసే విధానం

చెప్పకుండా వెళ్లాలి. ట్యాంకర్ సరుకు దించుతూ ఉన్నా, దించి గంట కాకపోయినా ఆ సంగతి రాసుకోవాలి. చివరి డెలివరీ చలానా నకలు తీసుకోవాలి, అందులో తేదీ, డిపో, పరిమాణం ఉంటాయి. తర్వాత మూలం వెతకాల్సి వస్తే ఆ కాగితమే దారి చూపిస్తుంది.

ముందు గొట్టాన్ని కడగాలి. నాలుగు మీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో దాదాపు 0.8 లీటరు పాత ఇంధనం నిలిచి ఉంటుంది. పంపు లోపలి పైపులు, ఫిల్టరు అదనం. నాలుగు లీటర్లు వేరే డబ్బాలోకి వదిలాకే నమూనా డబ్బా పెట్టాలి. ఒకే గొట్టంలోంచి రెండు మూడు గ్రేడులు ఇచ్చే పంపుల్లో ఇది మరీ ముఖ్యం. ముందు వచ్చిన కస్టమర్ కొన్న గ్రేడు మీ డబ్బాలోకి రాకూడదు. కడిగిన ఇంధనాన్ని కొలిచి, రాసి, అదే గ్రేడు ట్యాంకులోకి తిరిగి పోయించాలి. లేకపోతే బంకువాళ్ల స్టాకు లెక్కలో తేడా వచ్చి గొడవ అవుతుంది.

డబ్బా లోహంతో చేసినదైతే మంచిది, లేదా ముదురు గోధుమ రంగు గాజు సీసా. మామూలు ప్లాస్టిక్ వద్దు. దాని గోడల్లోంచే తేలికైన భాగాలు బయటికి పోతాయి. తెల్ల గాజు అసలు వద్దు. సీసం, మాంగనీస్ సమ్మేళనాలు ఎండకు విడిపోతాయి. మాంగనీస్‌ది మరీ త్వరగా పోయేది, నిమిషాల్లోనే. నమూనాలో మాంగనీస్ లేదని వచ్చిందంటే నిజంగా లేదో, కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పోయిందో ఆ తర్వాత చెప్పలేం.

ఆవిరి పీడనం కోసం తీసే నమూనాకు మరింత జాగ్రత్త అవసరం. డబ్బా చల్లగా ఉండాలి. నాజిల్‌కు పొడుగు గొట్టం తగిలించి డబ్బా అడుగు దాకా దించి, మెల్లగా నింపాలి. పైనుంచి ధారగా పోస్తే బ్యూటేన్ లాంటి తేలిక భాగాలు అక్కడికక్కడే ఎగిరిపోయి, హద్దు దాటిన పెట్రోల్ కూడా పాసయిపోతుంది. డబ్బాలో 70 నుంచి 80 శాతం దాకా నింపి వెంటనే మూత బిగించాలి. నిండుగా పోస్తే వేడికి వ్యాకోచించి డబ్బా పగలొచ్చు. సగమే పోస్తే ఖాళీ జాగాలోకి ఆవిరి వెళ్లిపోతుంది. తలకిందులు చేసి లీకు చూడాలి. కారితే పారేసి కొత్త డబ్బాలో మళ్లీ తీయాలి, మూత మళ్లీ బిగించి సరిపెట్టకూడదు.

నింపేటప్పుడు లోహపు డబ్బా నేల మీద ఉండాలి, నాజిల్ దానికి తగులుతూ ఉండాలి. స్థిర విద్యుత్తు నిప్పురవ్వతో పెట్రోల్ అంటుకోవడానికి ఒక్క క్షణం చాలు.

ఒకే నింపులో మూడు డబ్బాలు తీయాలి: ఒకటి ల్యాబ్‌కు, ఒకటి ప్రభుత్వం దగ్గర భద్రంగా, ఒకటి బంకు యజమానికి. మూడింటికీ నంబరున్న సీలు, ఇద్దరి సంతకాలు. లేబుల్ మీద బంకు పేరు రాయకుండా కోడ్ నంబర్ మాత్రమే ఉంటే ల్యాబ్‌లో పరీక్ష చేసేవాళ్లకు అది ఎవరి సరుకో తెలియదు. అది వాళ్లకూ రక్షణే. రవాణాలో పెట్రోల్‌కు యూఎన్ 1203, డీజిల్‌కు యూఎన్ 1202 అన్న ప్రమాదకర వస్తువుల గుర్తు ఉండాలి. మామూలు కొరియర్‌లో పంపడం నేరమే కాదు, ప్రమాదం కూడా.

ల్యాబ్‌లో

డబ్బా తెరిచే వరసే మొదటి నియమం. ఆవిరి పీడనం మొట్టమొదటి పరీక్ష. నమూనాను 0 నుంచి 1 డిగ్రీకి చల్లబరిచాకే మూత తీయాలి, గాలితో సంతృప్తం చేయాలి, తర్వాత 37.8 డిగ్రీల దగ్గర, ద్రవానికి నాలుగింతల ఆవిరి జాగాలో కొలవాలి. ఇంకో పరీక్ష కోసం ముందే తెరిచిన డబ్బాతో ఈ పరీక్ష చేయకూడదు.

గంధకానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 20846లో నమూనాను కాల్చి, వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్ మీద అతినీలలోహిత కాంతి వేసి అది తిరిగి వెలువరించే కాంతిని కొలుస్తారు. ఐఎస్ఓ 20884లో ఎక్స్ కిరణాలు వాడతారు. రెండింటికీ వాటి వాటి బలహీనతలున్నాయి. మొదటిదాన్ని నైట్రజన్ తప్పుదోవ పట్టిస్తుంది. సీటేన్ పెంచడానికి నైట్రేట్ కలిపిన డీజిల్‌లో గంధకం ఉన్నదానికంటే ఎక్కువ చూపొచ్చు. రెండోదాన్ని ఆక్సిజన్ తప్పుదోవ పట్టిస్తుంది. ఇథనాల్ లేని ద్రావణంతో యంత్రాన్ని సరిచూసి, 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ పెడితే అంకె తక్కువ వస్తుంది. దేన్ని కొలుస్తున్నారో దాని లాంటి ద్రావణంతోనే సరిచూసుకోవాలి.

మిగతావి క్లుప్తంగా: బెంజీన్, ఆరోమాటిక్స్, ఓలిఫిన్లు, ఆక్సిజన్ సమ్మేళనాలన్నీ గ్యాస్ క్రొమాటోగ్రఫీతో ఒకే పరుగులో వస్తాయి. డీజిల్‌లో పాలీసైక్లిక్ ఆరోమాటిక్స్‌కు ద్రవ క్రొమాటోగ్రఫీ. ఇక్కడ ఒకే వలయం ఉన్న ఆరోమాటిక్స్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. బయోడీజిల్ శాతానికి ఇన్‌ఫ్రారెడ్. ఆక్టేన్‌కు ప్రమాణ పరీక్ష ఇంకా ఆ ప్రత్యేకమైన ఒకే సిలిండర్ ఇంజిన్ మీదే. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ పరికరాలు బంకు దగ్గరే పది అంకెలు చూపిస్తాయి. ఎక్కడ నమూనా తీయాలో ఎంచుకోవడానికి పనికొస్తాయి గానీ, 10 పీపీఎం స్థాయి గంధకం వాటికి కనపడదు. వాటి అంకె పట్టుకుని ఎవరి మీదా కేసు పెట్టకూడదు.

ల్యాబ్‌కు ఐఎస్ఓ 17025, అంటే పరీక్షల సామర్థ్యానికి సంబంధించిన ప్రమాణం కింద గుర్తింపు ఉండాలి. దాంతోపాటు ఒకే నమూనాను అనేక ల్యాబులు కొలిచి పోల్చుకునే పరీక్షల్లో క్రమం తప్పకుండా పాల్గొనాలి. గోడ మీద సర్టిఫికెట్ కంటే ఈ పోలికల ఫలితాలు చూస్తే ల్యాబ్ సంగతి బాగా తెలుస్తుంది.

గంధకం 10.8 వచ్చింది. తప్పా, ఒప్పా?

ఎక్కువ వివాదాలు ఇక్కడే. కొలతలో కొంత అటూఇటూ ఎప్పుడూ ఉంటుంది. ఒకే సరుకును రెండు మంచి ల్యాబులు కొలిస్తే వాటి మధ్య వచ్చే తేడా 95 శాతం సందర్భాల్లో ఏ హద్దులో ఉంటుందో దాన్ని ఆ పద్ధతి పునరుత్పాదకత అంటారు, గుర్తు ఆర్. ఐఎస్ఓ 4259 ప్రకారం ఒక్క ఫలితంతో తీర్పు చెప్పాలంటే అది హద్దుకు 0.59 ఆర్ కలిపినదాన్ని దాటాలి. ఆ 0.59 ఎక్కడిదంటే, ఆర్ అంటే ప్రామాణిక విచలనానికి 2.77 రెట్లు, ఒకవైపు 95 శాతం నమ్మకానికి కావలసింది 1.645 రెట్లు, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది అదే.

ఐఎస్ఓ 20846లో 10 పీపీఎం దగ్గర ఆర్ విలువ 2.24. దాన్ని 0.59తో గుణిస్తే 1.3. కాబట్టి 11.3 దాటితేనే నేరం రుజువైనట్టు. 10.8 వచ్చిన బంకు మీద చర్య నిలబడదు. ఆక్టేన్‌కు ఆర్ 0.7 కాబట్టి 94.6 దాకా ఒప్పుకోవాలి.

అయితే ఈ వెసులుబాటు కొలతలోని అనిశ్చితికే గానీ సరుకుకు కాదు. అమ్మేవాడికి అదే లెక్క తిరగబడుతుంది. తన సరుకు 10 లోపు ఉందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అతని ల్యాబ్‌లో 8.7 మించకూడదు. హద్దు 11.3 అనుకుని సరుకు కలిపేవాడు చట్టాన్ని తప్పుతున్నట్టే. దాన్ని పట్టుకునే మార్గం ఉంది. ఒక్కో నమూనా పాసైనా, ఒకే డిపోకు చెందిన 40 నమూనాల సగటు 10.6 వచ్చిందంటే అది కాకతాళీయం కాదు. ల్యాబ్ అంకెలు ఒకవైపే ఒరగడం లేదని పోలిక పరీక్షల్లో తేలితే, తేడా సరుకులోనే ఉంది. కాబట్టి పాస్, ఫెయిల్ అని మాత్రమే రాసి అసలు అంకెలు పారేసే రిజిస్టరు పనికిరాదు.

తప్పు తేలాక మూలం వెతకడం

గంధకం ఎక్కువ వస్తే మొదట ట్యాంకర్‌ను అనుమానించండి. 1000 పీపీఎం ఉన్న ఇళ్ల హీటింగ్ ఆయిల్ తెచ్చిన 5,000 లీటర్ల గదిలో 20 లీటర్లు మిగిలిపోయాయనుకుందాం. అదే గదిలో 8 పీపీఎం డీజిల్ నింపితే మొత్తం 12 అవుతుంది. మోసం లేదు, శుభ్రం చేయని ట్యాంకర్ చాలు. కావాలని కలిపితే అంకె ఇంకా పెద్దగా ఉంటుంది. 1000 పీపీఎం కిరోసిన్ 1 శాతం కలిపితే 8 కాస్తా 18 అవుతుంది. కిరోసిన్ అయితే సాంద్రత, ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత) కూడా పడిపోతాయి. కాబట్టి మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. పన్ను రాయితీ ఇంధనాల్లో గుర్తు కోసం కలిపే మార్కర్ రసాయనం దొరికితే అనుమానానికి తావే లేదు.

ఆవిరి పీడనం తప్పులు వేసవి నిబంధన మొదలైన తొలి వారాల్లో వస్తే, చలికాలపు సరుకు ట్యాంకులో మిగిలిపోయిందన్నమాట. 90 కిలోపాస్కల్స్ పెట్రోల్ 3,000 లీటర్లు ఉండగా 58 ఉన్నది 12,000 పోస్తే రమారమి 64 వస్తుంది, తప్పు. మళ్లీ 3,000కు దిగాక ఇంకో 12,000 పోస్తే 59 చిల్లరకు వస్తుంది. అంటే రెండు నింపులు కావాలి. చిన్న బంకుకు రెండు నింపులంటే ఎన్ని వారాలో ముందే లెక్కగట్టి, డిపోలను అన్ని వారాల ముందే వేసవి సరుకుకు మార్చాలి. తేదీ వచ్చాక బంకు మీద జరిమానా వేయడం కంటే ఇదే న్యాయం.

ఇథనాల్ ఉన్నచోట ఇంకో మెలిక. ఇథనాల్ 5 శాతం చేరేసరికే ఆవిరి పీడనం దాదాపు 8 కిలోపాస్కల్స్ పెరుగుతుంది, తర్వాత పెరగదు. కాబట్టి ఇథనాల్ లేని 60 పెట్రోల్‌నూ, ఇథనాల్ ఉన్న 60 పెట్రోల్‌నూ ఒకే ట్యాంకులో కలిపితే 60 రాదు, ఇంకా పైకి పోతుంది. విడివిడిగా రెండూ చట్టబద్ధమే, కలిసిన సరుకు మాత్రం కాదు. డెలివరీ చలానాలు చూస్తే తప్ప ఇది బయటపడదు.

మూలం వెతికేటప్పుడు బంకు ట్యాంకు పైన, మధ్యన, అడుగున విడిగా నమూనాలు తీయాలి. డిపోలో అదే విడత నిలవ నమూనా తెప్పించాలి. అక్కడ సరిగా ఉండి ఇక్కడ లేకపోతే తప్పు మధ్యలో జరిగింది. రెండుచోట్లా ఒకేలా ఉంటే అదే డిపో నుంచి సరుకు వెళ్లిన మిగతా బంకులన్నిటికీ ఆ రోజే మనుషులను పంపాలి. యజమాని ఒప్పుకోకపోతే అతని డబ్బాను వేరే గుర్తింపున్న ల్యాబ్‌లో చేయించుకునే హక్కు ఇవ్వాలి. రెండు ఫలితాల తేడా ఆర్ దాటితే రెంటినీ పక్కనబెట్టి, నిలవ ఉంచిన డబ్బాతో మళ్లీ చేయాలి.

నివేదిక

యూరప్ దేశాలు ముందు క్యాలెండర్ సంవత్సరం లెక్కలను ఆగస్టు 31 లోపు సమర్పించేలా డైరెక్టివ్ గడువు పెట్టింది. నివేదికలో ప్రతి గ్రేడుకూ, ప్రతి కాలానికీ నమూనాల సంఖ్య, కనిష్ఠం, గరిష్ఠం, సగటు, ప్రామాణిక విచలనం, వాడిన పరీక్ష పద్ధతి, హద్దు దాటినవి, వాటి మీద తీసుకున్న చర్య ఉండాలి. అమ్మిన మొత్తం టన్నులు కూడా ఉండాలి. అది లేకపోతే పది తప్పులు పెద్దవో చిన్నవో ఎవరికీ తెలియదు. తీయాలనుకున్న నమూనాలకూ, నిజంగా తీసినవాటికీ తేడా ఉంటే కారణంతో సహా రాయాలి. ఏ ప్రాంతంలో తగ్గాయో చెప్పాలి, ఎందుకంటే మరుసటి ఏడాది పథకంలో ముందు పూడ్చాల్సిన ఖాళీ అదే.